రేవుగట్టు తవేర్నా కథకుడు పాపదియమాంతిస్

ఈజియన్ సముద్రపు వాయవ్యభాగమున, గ్రీసు ప్రధానభూమికి అనతిదూరమున, స్కియాథోస్ అను చిన్న ద్వీపము కలదు. దాని వైశాల్యము సుమారు 50 చదరపు కిలోమీటర్లు మాత్రమే. రెండు మిట్టలపై కట్టిన తెల్లని ఇండ్లు, వాటిపై ఎర్రని పెంకులు, క్రింద రేవు, రేవు నడుమకు చొచ్చుకొని వచ్చిన బూర్జీ అను చిన్న భూనాసిక - ఇదియే ఆ ద్వీపపు పట్టణము. రేవుగట్టు వెంబడి తవేర్నాలు వరుసగా ఉండును. నీటి అంచునకు నాలుగడుగుల దూరమున కొయ్యబల్లలు వేసి, వాటిపై రొట్టె, ఒలీవపండ్లు, నిప్పులమీద కాల్చిన చేప, దానిపై పిండుటకు నిమ్మచెక్క, చిన్న కూజాలో ద్రాక్షాసవము తెచ్చి పెట్టుదురు. పడవల తాళ్ళు బల్లల ప్రక్కనే గట్టునకు కట్టియుండును. ఎండలో తీగపై ఆరవేసిన ఆక్టోపస్ కాళ్ళు గాలికి ఊగుచుండును. వేసవిలో దేశదేశముల యాత్రికులు ఆ బల్లలచుట్టు చేరుదురు.

తవేర్నా అను మాట అంగడి అను అర్థముగల లాటిన్ పదమునుండి పుట్టినది. అది మన పూటకూటి యిల్లు వంటిది కాదు, కల్లుపాక వంటిదియు కాదు. ఆ రెండింటి పోలికలు దానియందు కొంత కొంత కలవు. వెనుకటి కాలమున చిన్న ద్వీపములలో పచారీ కొట్టు, ద్రాక్షాసవపు అంగడి, వంటశాల ఒకే కప్పు క్రింద ఉండెడివి. ఉప్పుచేప, చిక్కుడుగింజల పులుసు, పొలముగట్లపై కోసిన ఆకుకూర, గట్టిగా కాల్చిన యవల రొట్టె - ఇవియే అక్కడి నిత్యభోజనము. వచ్చినవాడు తిన్నగా వంటయింటిలోనికి పోయి, కుండల మూతలు తీసి చూచి, తనకు కావలసినది చెప్పుట ఆ దేశమున చిరకాలముగా ఉన్న ఆచారము. ఓడ యజమాని, కూలివాడు, అర్చకుడు, అప్పులవాడు అందరును ఆ కప్పు క్రిందనే కూర్చుందురు. ఊరి వార్త మొదట అక్కడ పుట్టును. ఊరి అప్పు అక్కడనే లెక్కకు వచ్చును.

ఇట్టి అంగడిని, ఇట్టి బల్లను, దానిచుట్టు కూర్చున్న పేదజనమును సాహిత్యమున శాశ్వతముగా నిలిపిన మహాకథకుడు అలెగ్జాండ్రోస్ పాపదియమాంతిస్. ఆధునిక గ్రీకు వచనమునకు ఆయన మూలపురుషులలో ఒకడు. గ్రీసు దేశమున ఆయన కథలు చదువని విద్యార్థి ఉండుట అరుదు. అట్టి వానికి జీవితమున సొంత గృహస్థాశ్రమము లేదు, నిలకడయైన సంపాదన లేదు, తన పేర అచ్చయిన గ్రంథమొక్కటి కన్నులార చూచుకొనిన భాగ్యమును లేదు.

పాపదియమాంతిస్ 1851వ సంవత్సరము మార్చి 4వ తేదీన స్కియాథోస్‌లో జన్మించెను. ఆ తేదీ అప్పటి గ్రీసు పాటించిన పాత పంచాంగము ప్రకారము చెప్పునది; కొత్త పంచాంగమును ఆ దేశము 1923లో గాని స్వీకరింపలేదు. తండ్రి అదమాంతియోస్ ఊరి అర్చకుడు. సనాతన క్రైస్తవ సంప్రదాయమున అర్చకుని పేరునకు ముందు పాపా అను గౌరవపదము చేర్చుదురు. ఆ పాపా అదమాంతియోస్ కుమారుడే పాపదియమాంతిస్. తల్లి ఆంగెలికీ మొరయితిస్ వంశపు ఆడుబిడ్డ. అర్చకుని యిల్లు గౌరవమునకు కొదువ లేనిదే గాని ధనమునకు నిత్యము కొరతయే. ఇంటనిండ పిల్లలు, అందులో ఆడుపిల్లలు పెక్కురు. ఆ దేశమునందును ఆ కాలమున కట్నము లేనిదే ఆడుపిల్లకు పెండ్లి కాదు. ఈ ఒక్క సంగతి ఆయన జీవితమంతటను నీడవలె వెంబడించినది.

బాల్యమున తండ్రి వెంట ద్వీపపు కొండలలోని చిన్న చిన్న గుడులకు పోయి, దీపములు వెలిగించి, స్తోత్రములు పాడుట ఆయనకు అలవడెను. ద్వీపమున ఎవాంగెలిస్త్రియా మఠము కలదు. దానిని పదునెనిమిదవ శతాబ్ది చివర కొల్లివాదెస్ అను సంప్రదాయపు సన్యాసులు స్థాపించిరి. మృతుల ఆత్మశాంతికై ఉడికించిన గోధుమలలో ద్రాక్షలు, పప్పులు, చక్కెర కలిపి పంచు ప్రసాదమునకు కొల్లివ అని పేరు. దానిని ఏనాడు పంచవలెనను వివాదమునుండి ఆ సంప్రదాయమునకు ఆ పేరు వచ్చినది. ఉపవాసములను, జాగరణలను అత్యంత నిష్ఠతో పాటించుట వారి మార్గము. అన్నమునకును ఆత్మకును గల సంబంధము చిన్ననాటనే ఈ బాలుని మనసునకు పట్టినది. తీరిక దొరికినప్పుడు సాధువుల బొమ్మలు గీయుచు, పద్యములు కట్టుచు, హాస్యనాటకములు వ్రాయ యత్నించుచు ఉండెడివాడు.

చదువు కుంటుచు సాగెను. స్కియాథోస్, స్కోపెలోస్, ఖల్కిద, పిరయస్, ఏథెన్సు - ఇన్ని ఊళ్ళ బడులు మారెను. డబ్బు చాలక మధ్య మధ్య ఇల్లు చేరుచుండెను. 1872లో ఒక మిత్రునితో అథోస్ పర్వతమునకు పోయి, అక్కడి సన్యాసుల నడుమ కొన్ని నెలలు గడపెను. మిత్రుడు సన్యాసియై నిలిచిపోయెను. ఈయన మరలి వచ్చెను. అయినను సన్యాసి జీవనపు నియమము ఆయనను విడువలేదు. తరువాత లోకులు ఆయనను సంసారమధ్యమున తిరుగు సన్యాసి అని పిలిచిరి. 1874లో ఉన్నత పాఠశాల ముగించి ఏథెన్సు విశ్వవిద్యాలయమున తత్త్వసాహిత్య శాఖలో చేరెను గాని పట్టము పుచ్చుకొనలేదు. కుమారుడు పట్టభద్రుడై ఊరిబడిలో ఉపాధ్యాయుడగునని, అప్పుడు అక్కచెల్లెండ్ర కట్నములు కూడునని ఆశించిన తల్లిదండ్రులకు అది తీరని లోటు. ఆయన తండ్రికి వ్రాసిన జాబులలో డబ్బు కొరత మాటిమాటికి కనిపించును.

పట్టము లేకున్నను పాండిత్యము కొరవడలేదు. ఫ్రెంచి, ఆంగ్లభాషలను తానుగా నేర్చి, పత్రికలకు అనువాదములు చేయుచు బ్రతికెను. దోస్తోయెవ్‌స్కీ వ్రాసిన నేరము - శిక్ష నవలను 1889లో ఫ్రెంచి నుండి గ్రీకునకు తెచ్చినవాడు ఈయనయే. 1879లో మొదలుపెట్టి మూడు చారిత్రక నవలలు పత్రికలలో ధారావాహికముగా వెలువరించెను. కాని ఆయన నిజమైన మార్గము కథ. 1887వ సంవత్సరము క్రిస్మసు పండుగకు ప్రకటింపబడిన మొదటి కథతో ఆ మార్గము తెరచుకొనెను. అటుపిమ్మట ఇరువది మూడేండ్లలో నూటడెబ్బదికి మించిన కథలు ఆయన కలమునుండి వెలువడెను.

ఆ మొదటి కథకే పేరు క్రిస్మసు రొట్టె. బిడ్డలు లేని కోడలిని వదిలించుకొనుటకై అత్త పండుగరొట్టెలో విషము కలిపి పంపును. ఆ రాత్రి తుపానులో తడిసి, ఆకలితో ఇల్లు చేరిన కొడుకు దానిని తిని మరణించును. ప్రేమకు గుర్తు కావలసిన రొట్టె ద్వేషము కలిసినంతనే మృత్యువగుట ఆ కథ సారము. భోజనమును గూర్చి పాపదియమాంతిస్ జీవితాంతము చెప్పినది ఈ మొదటి కథలోనే బీజప్రాయముగా కలదు. తినుట ఆయన దృష్టిలో రుచికి సంబంధించినది మాత్రము కాదు. ఎవరు వడ్డించిరి, ఏ మనసుతో వడ్డించిరి, ఎవరు ప్రక్కన కూర్చుండిరి అనునవియే ముఖ్యము.

1889లో వెలువడిన పరిగె ఏరుకొనునది అను కథయందు ఒక ముసలమ్మ, తల్లిదండ్రులు లేని మనుమలను పోషించుటకై, ఏటేట పడవనెక్కి ఎవియా దీవికి పోయి, కోతలైన పొలములలో రాలిన వెన్నులు ఏరి తెచ్చును. పండుగ ముందర అమెరికానుండి కొడుకు పంపిన డబ్బు కాగితము వచ్చును. దానిని మార్చియిచ్చు వర్తకుడు పాత అప్పుల చిట్టా తీసి, లెక్కలు చూపి, ముసలమ్మ నోటికి అందిన ముద్దను తగ్గింపజూచును. రేవు అంగడి ఆదరించు చోటే గాక కబళించు చోటు కూడ అగునని ఆయనకు బాగుగా తెలియును. పేదల ఇంటికి రొట్టె ఎంత సులువుగా వచ్చునో, అంత సులువుగా జారిపోవుటయు ఆయన చూచినదే.

1891 నాటి అమెరికావాడు అను కథ ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధము. క్రిస్మసు ముందురాత్రి రేవున ఒక అంగడి. చలికి భయపడి వచ్చిన నావికులతో, కూలీలతో అది తుపానున చిక్కిన పడవవలె నిండిపోయినది. అప్పుడొక అపరిచితుడు లోపల అడుగుపెట్టును. దుస్తులు పరదేశపువి, మాతృభాష నోట తడబడును. అందరును వింతగా చూతురు. ఆ చూపుల నడుమ అతడు త్రాగుటకు ఏదో అడుగును, ఊరిని గూర్చి ఒకటి రెండు ప్రశ్నలు వేయును, వెడలిపోవును. ఆ ద్వీపపు బిడ్డయే అతడు. యౌవనమున వలసపోయి, ఏండ్లకేండ్లు గడచిన పిమ్మట మరలినవాడు. తల్లిదండ్రులు గతించిరి; ఇల్లు కూలినది; కాని నిశ్చితార్థమైన కన్య నేటికిని ఎదురుచూచుచు ఉన్నదని తెలియును. ఊరివాడు ఊరివాడగునా కాడా అను పరీక్ష మొదట జరిగినది ఆ అంగడి బల్లవద్దనే. వలసపోయినవారి కథలు ఎరిగిన ఏ పాఠకునికైనను ఈ ఘట్టము కన్నులు చెమర్పజేయును.

ఇంత నిశితముగా రేవు అంగడిని వర్ణించిన రచయిత, ఆ కథలు వ్రాసినప్పుడు రేవున లేడు. జీవితములో అధికభాగము ఆయన ఏథెన్సున, అద్దె గదులలో గడపెను. ప్సిర్రీ అను పేదల పేటలో ఒక పచారీ కొట్టు ఉండెను. అందు తవేర్నా వలె భోజనమును పెట్టెడివారు. పాపదియమాంతిస్ భోజనశాల అదియే, మిత్రసభ అదియే. బండివాండ్రు, చేతిపనివారు, తన ద్వీపమునుండి పనికై వచ్చినవారు ఆయన పంక్తివారు. ద్రాక్షాసవమును ఆయన త్రాగును; ఒక్కొక్కప్పుడు మితము మీరి త్రాగును. దానిని ఆయన జీవితకారులు దాచలేదు, దాచవలసిన పనియు లేదు. అయినను ఉపవాసదినమున నియమము తప్పడు. సనాతన క్రైస్తవ సంప్రదాయమున ఉపవాసదినములు ఏటికి సుమారు సగము. ఆ దినములలో మాంసము, చేప, పాలు, వెన్న, గ్రుడ్లు కూడవు. కఠినదినములలో ఒలీవనూనె, ద్రాక్షాసవములును కూడవు. రక్తము లేని ప్రాణులుగా ఎంచి ఆక్టోపస్, గుల్లజాతులను మాత్రము అనుమతింతురు. గ్రీకు రేవులలో ఆక్టోపస్ వంటకమునకు అంత ప్రాచుర్యము కలుగుటకు ఈ నియమమును ఒక కారణము.

సాయంకాలమున పత్రికకు పని, రాత్రి గుడిలో జాగరణ. సంత ఎలీషా గుడి అను చిన్న ఆలయమున నికోలస్ ప్లానస్ అను నిరాడంబరుడగు అర్చకుడు రాత్రంతయు పూజ చేయగా, పాపదియమాంతిస్ కుడివైపు నిలిచి గానము చేయును. ఆయన బంధువును, మరియొక కథకుడును అగు మొరయితిదిస్ ఎడమవైపు పాడును. ఆ అర్చకుని సనాతన చర్చి 1992లో సాధువుల శ్రేణిలో చేర్చినది. పత్రికాపని అక్కరకు తగినంత ధనము నిచ్చెను గాని, చేతికి వచ్చినది చేతనుండి పోవుచుండెను. కొంత ఇంటికి, కొంత అంగడి బాకీకి, కొంత తనకంటె పేదలకు. ఒక పత్రికవారు నెలకు 150 ద్రాక్మాలు ఇత్తుమనగా, అది ఎక్కువయని, నూరు చాలునని ఆయన చెప్పినట్లు ఒక కథ నేటికిని చెప్పుకొందురు. వాస్తవమైనను కాకున్నను, ఆయనను ఎరిగినవారు దానిని నమ్మిరి.

ఇంటి బరువు మాత్రము తేలికపడలేదు. 1895లో తండ్రి, 1900లో తల్లి గతించిరి. అక్కచెల్లెండ్రలో ముగ్గురు అవివాహితలుగనే ఉండిపోయిరి. ఆ వ్యథనుండి పుట్టినదా యనిపించునట్లు 1903లో హంతకి అను నవలిక వెలువడెను. ఆడుదై పుట్టుటయే బానిసత్వమని, కట్నముతో తల్లిదండ్రుల రక్తము పీల్చుటయని తలచి తలచి మతి చలించిన ఒక ముసలి మంత్రసాని, పసి ఆడుబిడ్డలను చంపును. చివరకు రక్షకభటులు తరుముచుండగా, సముద్రమున ఒక గుడికి పోవు ఇసుకదారిపై, మానవ న్యాయమునకును దైవన్యాయమునకును నడిమి చోట అలలలో మునిగిపోవును. పాపదియమాంతిస్ ఆమెను సమర్థింపలేదు, దూషింపను లేదు. ఆమెను అట్లు చేసిన లెక్కను మాత్రము విప్పి చూపెను. ఆడుబిడ్డ పళ్ళెములోని అన్నమును భారముగా లెక్కించు సంఘము ఎంతవరకు పోగలదో ఆ చిన్న గ్రంథము తెలుపును. కట్నము మాట నేటికిని వినబడు చోట ఆ గ్రంథము పాతది కాజాలదు.

భాషావిషయమున ఆయన మార్గము విశేషించి ఉపాధ్యాయులు గమనింపదగినది. ఆ కాలమున గ్రీసు పండితులు రెండు పక్షములై, కథరెవూస అను గ్రాంథికమునకును, దిమోతికీ అను జనవ్యవహారమునకును నడుమ ఘోరముగా పోరాడిరి. జనభాష రాజ్యాంగ వ్యవహారమున స్థిరపడినది 1976లో మాత్రమే. పాపదియమాంతిస్ ఏ పక్షమునను చేరలేదు. కథ చెప్పునప్పుడు గ్రాంథికము, ప్రార్థనల సొంపుతో నడచును. పాత్రలు నోరు విప్పినంతనే స్కియాథోస్ రేవుమాట ఉప్పుగాలితో సహా వినవచ్చును. గుడిలో విన్న భాష ఒకటి, అంగడిలో విన్న భాష మరియొకటి. రెండింటిని ఒక్క పుటలో పొత్తు కుడుపగలుగుట ఆయన నేర్పు.

1906లో పావ్లోస్ నిర్వానస్ అను రచయిత దెక్సమెనీ అను చోట, ఆరుబయటి కాఫీ అంగడిలో ఆయన ఛాయాచిత్రము తీసెను. తలవంచి, చేతులు ఒడిలో కట్టుకొని కుర్చీపై కూర్చున్న ఆ బొమ్మయే నేడు లోకమంతట ఆయన రూపముగా నిలిచినది. చుట్టునున్నవారు తనను చూచెదరేమో యని ఆ కొద్ది నిమిషములలో ఆయన ఎంతయో సంకోచపడెను. రెండేండ్లకు, 1908 మార్చి నెలలో, పర్నాసోస్ సంస్థవారి మందిరమున ఆయన సాహిత్యసేవకు గొప్ప సన్మానసభ జరిగెను. రాజవంశపు కోడలగు మరీ బొనపార్త్ ఆ సభకు పోషకురాలు. పెద్దలు వచ్చిరి, ఉపన్యాసములు సాగెను, విరాళము పోగయ్యెను. రానివాడు ఒక్కడే - పాపదియమాంతిస్.

దానిని గర్వమని తలచుట పొరపాటు. తనను గూర్చి జరుగు విందున తాను కూర్చుండుట ఆయనకు చేతకాని పని. పేరు అడుగక, హోదా చూడక, ప్రక్కవాడు తన రొట్టెను విరిచి యిచ్చు బల్లవద్ద మాత్రమే ఆయనకు ఊపిరి ఆడును. 1890లో వ్రాసిన పల్లెటూరి ఈస్టరు కథలో ఈ భావమే మరియొక విధముగా కలదు. ఒక అర్చకుడు, తోటి అర్చకుడు రాబడిలో తన పాలు దొంగిలించుచున్నాడని విని, పూజ నడుమ గుడి విడిచి పరుగెత్తును. సగము దారిలో సిగ్గుపడి, మరలి వచ్చి, పూజ పూర్తిచేయును. పిదప చెట్లనీడలో ఊరివారందరు కాల్చిన గొర్రెపిల్ల మాంసము పంచుకొని, పాడుచు ఆ దినము గడపుదురు. మొదట మనసు శుభ్రపడవలెను. పిమ్మటనే పంక్తి కూడవలెనని ఆ కథ చెప్పక చెప్పును.

సన్మానసభ అయిన కొద్దిదినములకే పాపదియమాంతిస్ ఏథెన్సు విడిచి స్కియాథోస్ చేరెను. మరల నగరమునకు పోలేదు. అవివాహితలగు అక్కచెల్లెండ్ర యింట, తండ్రి కట్టిన పాతగోడల నడుమ, కథలు, అనువాదములు వ్రాయుచు చివరి మూడేండ్లు గడపెను. చేతులు వాచి కలము పట్టుట కష్టమయ్యెను. 1910 చివర జబ్బుపడెను. ప్రాణము పోవుటకు కొన్ని గంటల ముందు, రాబోవు పండుగనాడు పాడవలసిన స్తోత్రమును పడకపైనుండియే మెల్లగా పాడెను. పాత పంచాంగము ప్రకారము 1911 జనవరి 3వ తేదీ తెల్లవారకముందే శ్వాసకోశ వ్యాధితో కన్నుమూసెను. అప్పటికి ఆయనకు అరువదేండ్లు నిండలేదు.

గ్రంథములు మరణానంతరమున, 1912 నుండి అచ్చగుట మొదలయ్యెను. 1981 - 1988 నడుమ త్రియాందఫిలోపులోస్ అను పండితుని పరిష్కరణములో సమగ్ర రచనలు అయిదు సంపుటములుగా వెలువడెను. 1979లో నోబెల్ బహుమానమందిన కవి ఓడిస్సెయస్ ఎలీతిస్ ఆయనను గూర్చి ఒక గ్రంథమే వ్రాసెను. నేడు స్కియాథోస్ విమానాశ్రయమునకు పాపదియమాంతిస్ పేరు. పట్టణపు ప్రధానవీధికి ఆయన పేరు. ఆయన యిల్లు ప్రదర్శనశాల.

రేవుగట్టున చేప తినిపోవు యాత్రికులలో ఆయన కథలు ఎరిగినవారు కొందరే. అయినను ఆ రొట్టె, ఆ ఒలీవపండ్లు, ఆ చిన్న కూజా ఆయన పుటలలో ఉన్నవే. ఆకలి ఎరిగినవాడే అన్నమును గూర్చి నిజము చెప్పగలడు; పంచుకొని తిన్నవాడే మనుష్యులను గూర్చి నిజము చెప్పగలడు. పాపదియమాంతిస్ ఈ రెండింటిని ఎరిగినవాడు. అందుకే ఆయన బల్లవద్ద, శతాబ్దము దాటినను, క్రొత్తగా వచ్చిన వానికి ఒక కుర్చీ ఖాళీగా ఉన్నది.